పేరు చెప్పని మందు

మా పాపకు రెండేళ్ళు నిండేసరికి దాని ఒంట్లో మడత పడే చోటల్లా మంటే. మోచేతుల లోపల, మోకాళ్ళ వెనక, మెడ చుట్టూ చర్మం ఎర్రగా కమిలి, చెమ్మగిల్లి, ఎండి బిరుసెక్కి, మళ్ళీ పగిలేది. గోళ్ళు ఎంత పొట్టిగా తీసినా గోక్కోవడానికి దానికేదో ఒకటి దొరికేది. మంచం నవారు దొరికేది, గడప అంచు దొరికేది, నా చేతి గాజులు దొరికేవి. గాజులు తీసేశాను. ఆదివారం ప్రార్థన మందిరంలో ఆడవాళ్ళు పాప మెడను చూడటం మానేసి నా బోసి చేతులను చూడటం మొదలుపెట్టారు.

సలహాలకు మాత్రం కరువు లేదు. ఒకామె వేపాకు కాచిన నీళ్ళు పోయమంది. పోశాను, చర్మం ఇంకా ఎండిపోయింది. ఒకామె శనగపిండి అంది, ఇంకొకామె శనగపిండి పొరపాటున కూడా వద్దు, పెసరపిండి అంది. ఫోనులో ఒక పెద్దమనిషి, తెల్ల చొక్కా వేసుకుని, పెరట్లో కలబంద విరిచి చూపించి, మూడు రోజుల్లో మాయం అన్నాడు. ఆ గుజ్జు పగిలిన చర్మానికి తగలగానే పాప ఇల్లు ఎగిరిపోయేలా అరిచింది. ఆ మనిషి ఎదురుగా ఉంటే ఆ కలబంద మట్టను ముళ్ళతో సహా నమిలించేదాన్ని. ప్రకృతి వైద్యం, హాని లేదు అని అందరూ ఒకే పాట. హాని లేదన్న మాట ఆ చర్మం లోపల ఉన్నవాళ్ళు కదా చెప్పాలి.

ఇంగ్లీషు మందులు వాడలేదని కాదు. ఊరి ఆర్ఎంపీ ఒక ట్యూబు ఇచ్చాడు. పది రోజులు పాప చర్మం పాలమీగడలా ఉంది. ట్యూబు అయిపోయిన వారానికి ముందుకంటే రెట్టింపు లేచింది. భద్రాచలంలో పిల్లల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం. ఆమె ఓపికగా చెప్పింది. ఇది ఎగ్జిమా, వస్తూ పోతూ ఉంటుంది, చర్మాన్ని ఎండనివ్వకండి, ఎర్రబడినప్పుడు నేను రాసిన క్రీము ఇన్ని రోజులే రాయండి, పెరిగే కొద్దీ చాలామందికి తగ్గుతుంది అంది. ఎప్పటికి తగ్గుతుందని అడిగాను. చెప్పలేను అంది. ఆమె చెప్పిన మంచి మాటలన్నీ అక్కడే వదిలేసి ఆ ఒక్క "చెప్పలేను" పట్టుకుని ఇంటికొచ్చాను. దీనికి మందే లేదు అని నా మనసు తేల్చేసుకుంది.

నా గురించి రెండు ముక్కలు చెప్పాలి. మా పుట్టిల్లు ఏన్కూరు. బీఎస్సీలో బోటనీ చదివి, పెళ్ళయ్యాక ఇక్కడి ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెప్పాను. పాప ఒళ్ళు ఇలా అయ్యాక బడి మానేశాను. అత్తగారి ఊరు అశ్వారావుపేట దాటి అడవి వైపు వెళ్ళే దారిలో ఉంటుంది. మా ఆయన పామాయిల్ తోటల్లో గెలలు మోసే ట్రాక్టరు నడుపుతాడు. మంచివాడే కానీ కోపమొస్తే కళ్ళు కనపడవు. నాకూ కోపం ముక్కు మీదే ఉంటుంది. మా ఇద్దరి మధ్య ఉండి మా అత్తమ్మ అరవకుండా, ఏడవకుండా బతుకుతూ వచ్చింది.

ఇక అత్తమ్మ సంగతి. చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరికి గజ్జి లేచినా, తామర పట్టినా, ఒళ్ళు దద్దుర్లు కట్టినా మా ఇంటికే వస్తారు. ఆమె తండ్రి నేర్పిన విద్య అది. రూపాయి ముట్టదు. తెల్లవారకముందే లేచి, ఎవరితో మాట్లాడకుండా వెళ్ళి ఆకు తెంపుకొస్తుంది. పూర్వం ఆదివారం తెంపేదట. మందిరానికి వెళ్ళడం మొదలయ్యాక శనివారానికి మార్చుకుంది. తెంపేముందు చెట్టుకు ఏదో చెబుతుంది. పాస్టరుగారు ఒకసారి ఏమిటది అని నిలదీస్తే, "ప్రార్థనే అయ్యగారూ, చెట్టును జేసినోనికి" అందట.

అన్నిటికంటే పెద్ద కట్టుబాటు, మందు పేరు చెప్పకూడదు. ఏ ఆకు, ఏ వేరు, ఏ నూనె అన్నది నోట రాకూడదు. పేరు బయటపెడితే మందు చెయ్యి వదిలి పోతుందని ఆమె తండ్రి ఆమె చేత ఒట్టు వేయించుకున్నాడట. మళ్ళీ నేర్పవలసి వస్తే చెట్టు దగ్గరికి తీసుకెళ్ళి చేత్తో చూపించాలి తప్ప పలకకూడదు. బోటనీ చదివినదానికి నాకు ఇది వినగానే ఒళ్ళు మండింది. ఆమె చాటుగా నూరే ఆకుల్లో కుప్పింటాకును నేను తొడిమను చూసే పోల్చుకున్నాను. "అత్తమ్మా, ఇది కుప్పింటాకే కదా" అన్నాను. ఆమె వినపడనట్టు రోలు కడుక్కుంది.

ఆ మందులన్నీ ఆమె దగ్గర ఒక వెదురు బుట్టలో ఉండేవి. పాత దగ్గు మందు సీసాలు, అన్నీ ఒకే రకం, అన్నిట్లో నల్లటి నూనె. నేను బడి నుంచి తెచ్చిన అంటుకునే కాగితాలు, పెన్ను ఆమె ముందు పెట్టి, పేర్లు రాసి అతికిస్తానన్నాను. ఆమె పకపకా నవ్వింది.

"నోటితోటి చెప్పొద్దంటే చేతితోటి రాయమంటవా బిడ్డా? నా చేతికి ఎరకే ఏది ఏందో."

"మీరు ఇంట్లో లేనప్పుడు ఎట్లా అత్తమ్మా?"

"నేను లేనప్పుడు ఎవరూ ముట్టొద్దు. గంతే."

డాక్టరమ్మ క్రీము కూడా పక్కన పెట్టేసి, మొదటిసారి నేను నోరు మూసుకుని పాపను ఆమె చేతిలో పెట్టాను. ఆ రోజుల్లో నేను ఎవరి చేతిలోనైనా పెట్టేదాన్ని. అత్తమ్మ పత్తెం చెప్పింది. పాపకు, నాకు కూడా గుడ్డు, వంకాయ, గోంగూర, ఎండు చేపలు బందు. రోజూ పొద్దున్నే ఎండ రాకముందు పాపను ఒళ్ళో పడుకోబెట్టుకుని రెండు వేళ్ళతో, గాలి తగిలినంత మెత్తగా, మడతల్లో రాసేది. అంతమందికి రాసీ రాసీ ఆమె అరచేతులు నల్లబడి మొద్దుబారిపోయి ఉండేవి. ఆ చేతుల్లో పాప అరవకుండా ఉండేది. రెండు వారాలకు మెడ మీద ఎరుపు విరిగింది. పాప నా వైపు చూసి నవ్వుతూ "తగ్గింది" అంది. నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను.

అయితే ఎండలు ముదిరాయి. మిరప కోతలకు వెళ్ళొచ్చిన వాళ్ళ బట్టల ఘాటుకే పాప ఒళ్ళు లేచేది. చెమట పడితే మడతల్లో మళ్ళీ మొదలు. పూటకోసారి రాయమని అత్తమ్మను బతిమాలాను. వినలేదు. "మందుకు దాని టైం ఉంటది. జల్దీ జల్దీ అంటే చర్మం ఇంటదా?" అంది. నా కడుపున పుట్టిన బిడ్డ గోక్కుంటుంటే ఈమెకు టైం అంట అని లోలోపల ఉడికిపోయాను.

ఒక ఆదివారం బూర్గంపాడు నుంచి ఫోను వచ్చింది. మా ఆడబిడ్డకు జ్వరమట, అత్తమ్మ వెళ్ళాల్సి వచ్చింది. వెళ్ళేముందు పాపకు మందు రాసి, "మంగళారం పొద్దుగాల్నే వస్త. గందాకా ముట్టకు" అని నాకు రెండుసార్లు చెప్పింది. తలూపాను.

సోమవారం మధ్యాహ్నం కరెంటు పోయింది. రేకుల కింద ఇల్లు కాగిపోతోంది. పాప మెడను గోడకు రుద్దుకుని రక్తం తెచ్చుకుంది. తడిగుడ్డ వేశాను, విసిరాను, ఎత్తుకుని తిరిగాను. ఎత్తుకుంటే నా చెమట తగిలి ఇంకా మంట. దించితే "అమ్మా గోకు, అమ్మా గోకు" అని ఒకటే ఏడుపు. తల్లిని పట్టుకుని ఆ పిల్ల అడిగేది అన్నం కాదు, బొమ్మ కాదు, గోకమని. ఎంతసేపు విన్నానో తెలియదు. నాలో ఏదో తెగిపోయింది. వెళ్ళి వెదురు బుట్ట దించాను.

చెదిరిన మనసుతో కూడా నేను చదువుకున్నదానిలాగే ఆలోచించాను, అదే నా ఖర్మ. రెండు సీసాల్లోనే నూనె మిగిలింది. ఒకటి అడుగంటి ఉంది. ఒకటి నిండుగా ఉంది. రెండూ నలుపే. మూతలు తీసి చూస్తే రెండూ నూనె వాసనే. అడుగంటింది పాతది, నిండుగా ఉన్నది పాప కోసం ఈ శనివారం కొత్తగా చేసింది అని లెక్క కట్టాను. దూది మీద ఒంపి, అత్తమ్మ రాసే దానికి నాలుగింతలు, మెడకు, మోచేతులకు, మోకాళ్ళ వెనక రాశాను. నూనె దూదిలోంచి ఊరి నా రెండు వేళ్ళకు అంటింది. పావుగంటలో పాప ఏడుపు ఆపి నిద్రపోయింది. అలసిపోయి పడుకుందని నాకు తోచలేదు. మందు పనిచేసిందనుకున్నాను. ఇన్ని రోజులు ఈ ముసలామె కట్టుబాట్ల కోసం నా పిల్లను ఏడిపించాను కదా అనుకున్నాను. సీసాను బుట్టలో యథాస్థానంలో పెట్టాను. అంటే నేను తప్పు చేస్తున్నానని నాకు అప్పుడే తెలుసు.

తెల్లారేసరికి పాప మెడ చుట్టూ నీటి బొబ్బలు. అంచులు నల్లగా మాడినట్టు. మోచేతులు ముడుచుకోలేకపోతోంది. కళ్ళు వాచి సగం మూసుకున్నాయి, ఒళ్ళు కాలిపోతోంది. నా చూపుడు వేలు, మధ్య వేలు కొసల మీద కూడా చిన్న చిన్న బొబ్బలు లేచాయి. తోటల్లో పనిచేసే వాళ్ళు కాళ్ళ పగుళ్ళకు అత్తమ్మ దగ్గర ఒక నూనె పట్టుకెళ్తారు. అది మడమలకు తప్ప ఎక్కడా తగలనివ్వొద్దని ఆమె వాళ్ళకు చెప్పడం నేను ఎన్నోసార్లు విన్నాను. అదీ ఆ బుట్టలోనే ఉంటుందని నాకు అప్పుడు గుర్తొచ్చింది.

మా ఆయన పరిగెత్తుకొచ్చి, "ఏమైంది? ఏం రాసినవ్?" అని అరిచాడు.

"అత్తమ్మ మందు పడలేదు" అన్నాను.

అబద్ధం కాదని నాకు నేను చెప్పుకున్నాను. మందు అత్తమ్మదే కదా. మా ఆయన తల్లికి ఫోను చేసి ఏమేమి అన్నాడో నేను వినలేదు, విననట్టు పాపకు బట్టలు సర్దాను. తెలిసిన వాళ్ళ కారు దొరికింది. భద్రాచలం చేరేదాకా పాప నా ఒళ్ళో కిక్కురుమనలేదు. అది ఏడిస్తే బాగుండు, గోకమని అడిగితే బాగుండు అని దారి పొడుగునా మొక్కుకున్నాను. నేను అంతకుముందు రోజు దేన్ని భరించలేక ఈ పని చేశానో, ఇప్పుడు దాని కోసమే ప్రార్థన చేశాను.

డాక్టరమ్మ పాపను చూసి మొహం మార్చుకుంది. "ఇది ఎగ్జిమా కాదమ్మా. ఏం జరిగింది?" అని, బొబ్బల అంచులను లైటు పెట్టి చూసింది. "చర్మానికి పెద్ద ఇన్ఫెక్షన్ అయితే దారి ఒకటి, మందేదైనా కాల్చి ఉంటే దారి వేరు. ఏం రాశారో తెలిస్తే ఇక్కడే చూస్తాను. తెలియకపోతే వరంగల్ పంపాలి, ఈ జ్వరంతో దారిలో ఏమవుతుందో నేను మాట ఇవ్వలేను."

"మా అమ్మ ఆకు మందు రాస్తది మేడమ్" అన్నాడు మా ఆయన.

"ఏ ఆకు?"

"పేరు చెప్పదు."

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. "మీరు చదువుకున్నవారే కదా? మీ పిల్లకు ఏం రాస్తున్నారో మీరు అడగలేదా?"

కుప్పింటాకు పేరు చెప్పగలను. కానీ పాపను కాల్చింది కుప్పింటాకు కాదు. ఆ రెండో సీసాలో ఉన్నదాని పేరు నాకు నిజంగా తెలియదు. తెలిసింది ఒక్కటే, ఆ సీసా మూత తీసింది నేనని. అది చెబితే చాలు, డాక్టరమ్మకు సగం దారి దొరికేది. నోరు తెరిచాను. మా ఆయన మొహం చూశాను. మళ్ళీ మూసుకున్నాను. నా బిడ్డ ప్రాణం ఒక పక్క, నా పరువు ఒక పక్క పెట్టుకుని, అంతసేపు ఊగిసలాడిన తల్లిని నేను. ఇది రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది.

అప్పుడే అత్తమ్మ వచ్చింది. బూర్గంపాడు నుంచి వంతెన మీదుగా ఆటోలో పడి వచ్చింది, జుట్టు ముడి ఊడిపోయి ఉంది. మా ఆయన అరుపును ఆమె లెక్క చేయలేదు. నేరుగా పాప దగ్గరికి వెళ్ళి, వంగి, మెడ దగ్గర ముక్కు పెట్టి ఒక్కసారి వాసన చూసింది. లేచి నిలబడి నా వైపు చూసింది. మొదట మొహం, తర్వాత చేతులు. నేను వేళ్ళను చీర కొంగులో దాచుకున్నాను. దాచుకోవడం ఆమె చూసింది.

"అమ్మా, ఏం రాసినవో చెప్పు! పిల్ల పోతది, చెప్పు!" అని మా ఆయన ఆమె భుజాలు పట్టుకుని కుదిపాడు.

ఇప్పుడు చెబుతుంది, నీ పెళ్ళాన్ని అడుగు అంటుంది అనుకున్నాను. చెప్పేసినా బాగుండు అని కూడా అనిపించింది. ఆమె పెదాలు కదిలాయి, చెట్టుకు ఏదో చెప్పినప్పుడు కదిలినట్టే. తర్వాత డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి, చేతులు కట్టుకుని, బడిలో పాఠం ఒప్పజెప్పే పిల్లలా చెప్పడం మొదలుపెట్టింది.

"కుప్పింటాకు. కానుగ నూనె. పచ్చి పసుపు. ఇవి బిడ్డకు రోజు రాసేటియి." పాప మెడ వైపు చూసింది. "ఇంకోటి ఉంది. నల్లజీడి. మడమల పగుళ్ళకు తీసే నూనె."

"నల్లజీడా? పసిపిల్లకా?" డాక్టరమ్మ గొంతు పెరిగింది. "బట్టల మీద గుర్తు పెట్టడానికి వాడే గింజ అది! పెద్దవాళ్ళ చర్మమే లేచిపోతుంది! ఎవరు రాశారు?"

"నేనే రాసిన" అంది అత్తమ్మ. "చూపు ఆనుతలేదు. సీసా మారింది."

ఆదివారం నుంచి ఆమె ఇంట్లోనే లేదు. ఆ మాట మా ఆయనకు తట్టలేదు, కోపంలో ఆయనకు ఏమీ తట్టదు. అంతమంది ముందు తల్లిని అనరాని మాటలన్నాడు. డాక్టరమ్మ కూడా, పాపం ఆమె తప్పేముంది, గట్టిగానే తిట్టింది. చదువు లేని మీలాంటి వాళ్ళ చేతుల్లో పిల్లలు ఇలాగే అవుతారంది. అత్తమ్మ తల వంచుకుని నిలబడింది. చదువు ఉన్నదాన్ని నేను పక్కనే నిలబడ్డాను.

పేరు తెలిసింది కాబట్టి దారి దొరికింది. పాప ఒంటి మీద మిగిలిన జిడ్డు శుభ్రంగా తీయించారు, ఆ రోజు కట్టిన బట్టలు, దుప్పటి, నా చీరతో సహా పారేయమన్నారు. మూత్రం పరీక్ష చేసి, లోపలికి ఏమీ ఎక్కలేదన్నారు. మూడో రోజు జ్వరం దిగింది. ఐదో రోజు పాప "గోకు" అంది. నర్సు నవ్వింది. నేను మంచం కోడు పట్టుకుని కూర్చుండిపోయాను.

ఇంటికొచ్చాక అత్తమ్మ బుట్టలో ఉన్నవన్నీ పెరట్లో గుంట తీసి పోసేసింది. ఎవరైనా మందు కోసం వస్తే, "పేర్లు చెప్పేసిన. చెయ్యి పోయింది" అని పంపించేసేది. నిజంగా పోయిందో లేదో నాకు తెలియదు, ఆమెకు మాత్రం పోయింది. పాప ఒళ్ళోకి ఎక్కబోతే చేతులు కొంగులో చుట్టుకుని కూర్చునేది. ఎన్నిసార్లు సబ్బుతో కడుక్కున్నా ఆ చేతులను పాపకు తగలనిచ్చేది కాదు. డాక్టరమ్మ క్రీము, కొబ్బరి నూనె, ఓపిక, ఈ మూడిటితోనే మేము నెట్టుకొస్తున్నాం. ఒకసారి బియ్యం చెరుగుతుండగా ఆమె పక్కన కూర్చుని, "అత్తమ్మా, ఆరోజు..." అన్నాను. "పిల్లకు అన్నం పెట్టు, పొద్దెక్కింది" అని లేచి వెళ్ళిపోయింది. కొడుకు నన్ను పుట్టింటికి తరిమేస్తాడని భయపడిందా, పిల్లకు తల్లి మీద నమ్మకం పోకూడదనుకుందా, లేక నా మొహం చూసి జాలిపడిందా, నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

తర్వాతి ఆదివారాల్లో ఒక రోజు మందిరంలో సాక్ష్యాలు చెప్పే సమయం. పాప మెడ మీద మచ్చలు తప్ప బొబ్బలు లేవు. నా బోసి చేతులను చూసిన ఆడవాళ్ళే ఇప్పుడు నా చుట్టూ చేరారు. వాళ్ళలో పెద్దామె నా చెయ్యి పట్టుకుని, అందరికీ వినపడేలా అంది.

"నువ్వు సదువుకున్నదానివి కాబట్టి జల్దీ దవాఖానాకు తోలుకపోయినవ్. లేకుంటే ఆ ముసలామె పిల్లను సంపేసేది. అవునా కాదా బిడ్డా?"

అత్తమ్మ రెండు చాపల అవతల, గోడకు ఆనుకుని, పాటల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ఆమె తల ఎత్తలేదు.

"అవ్" అన్నాను.